తుక్కులోంచి కొండెక్కిన సైకిలు

ఈ వారం ఏదైనా చరిత్ర గురించి మాట్లాడమన్నారు. రాజుల చరిత్రా, యుద్ధాల చరిత్రా నాకు చేతకాదు. పగలంతా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కుంటూ పొట్టపోసుకునే కన్సల్టెంటుని నేను. అంచేత ఈ మధ్య కొనుక్కున్న ఒక ఉక్కు సైకిలు చరిత్ర చెబుతాను. అది కాలిఫోర్నియాలో కొండలెక్కే సైకిలు. కానీ కథ మొదలుపెట్టాల్సింది మాత్రం పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఇంటి అరుగు దగ్గర.

మా నాన్న బడిపంతులు. ఆయనకి ఒక నల్లటి హెర్క్యులిస్ సైకిలు ఉండేది. 28 అంగుళాల చక్రాలు, వెనక పెద్ద క్యారియరు. దాని మీద బియ్యం బస్తా వెళ్ళేది, మా అమ్మ వెళ్ళేది, జ్వరం వస్తే నేనూ వెళ్ళేవాణ్ణి. రెండు సార్లు ఫ్రేము విరిగితే ఊళ్ళో వెల్డింగు షాపు అబ్బాయి అతికించి ఇచ్చాడు. 2014లో నేను ఎమ్మెస్‌కి వస్తూ, నాన్నకి మోపెడ్ కొనిపెట్టి, ఆ సైకిల్ని పాతసామాన్లవాడికి తూకానికి వేసేశాను. నాన్న ఏమీ అనలేదు. లోపలికెళ్ళి పేపరు చదువుకున్నారు. నేను మంచిపనే చేశాననుకున్నాను.

ఇప్పుడు అమెరికా కథకి వద్దాం. మా ఊరికి ఉత్తరంగా, గోల్డెన్ గేట్ వంతెన దాటితే మెరిన్ కౌంటీ. అక్కడ టామల్పాయిస్ అనే కొండ ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు మట్టిదారుల్లో సైకిళ్ళు తొక్కాలని సరదాపడ్డారు. సన్న టైర్ల రేసు సైకిళ్ళు రాళ్ళ మీద నిలవవు. అప్పుడు వాళ్ళ కన్ను పాత ష్విన్ సైకిళ్ళ మీద పడింది. 1933లో షికాగో ష్విన్ కంపెనీ రెండు అంగుళాల పైచిలుకు వెడల్పు ఉన్న లావు టైర్లు ప్రవేశపెట్టింది. ఇంటింటికీ పేపర్లు వేసే పిల్లలు తొక్కిన బరువైన సైకిళ్ళవి. నలభై ఏళ్ళ తరవాత అవి గ్యారేజీల్లోనూ, తుక్కులోనూ చవగ్గా దొరికేవి. వాటిని తెచ్చి, మడ్‌గార్డులు పీకేసి కొండెక్కించారు.

మన బే ఏరియా వాళ్ళకి ఇంకో ముచ్చట. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన సైక్లోక్రాస్ పోటీకి ఇలాటి లావు టైర్ల సైకిళ్ళకి గేర్లు బిగించుకుని వచ్చిన కుర్రాళ్ళది ఏ ఊరనుకున్నారు? కూపర్టినో! కొండ దిగడమే కాక ఎక్కడానికీ వీలవుతుందని మెరిన్ వాళ్ళకి అప్పుడు తట్టింది.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక మట్టిదారిలో మొదటి పోటీ పెట్టారు. ముఖ్య నిర్వాహకుడు చార్లీ కెల్లీ. రెండు మైళ్ళ దారిలో సుమారు 1300 అడుగుల దిగుడు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందకి చేరేసరికి హబ్బులో గ్రీజు కాగి పొగలొచ్చేది. మళ్ళీ గ్రీజు దట్టించాలి. అందుకే ఆ పోటీకి, ఆ దారికి 'రీప్యాక్' అనే పేరు స్థిరపడింది.

అయితే పాత ఫ్రేములు ఎంత గట్టివైనా ఎప్పటికో విరుగుతాయి. బరువూ ఎక్కువే. 1977లో జో బ్రీజ్ అనే కుర్రాడు ఈ పని కోసమే కొత్తగా ఒక ఫ్రేము కట్టాడు. ఆకారం పాత ష్విన్‌ని చూసి తీసుకున్నదే. లోహం మాత్రం విమానాల్లో వాడే క్రోమోలీ ఉక్కు. ఇందులో క్రోమియం నూటికి సుమారు ఒక పాలు, మాలిబ్డినం అందులో అయిదో వంతు. ఆ చిటికెడుతోనే ఉక్కు బలం బాగా పెరుగుతుంది కాబట్టి గొట్టాన్ని పల్చగా చేసి బరువు తగ్గించొచ్చు. ఆ మొదటి బ్రీజర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. 1979లో గ్యారీ ఫిషర్, కెల్లీ కలిసి టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఈ సైకిళ్ళు మామూలు షాపుల్లోకి వచ్చేశాయి. ఆ తరవాత అల్యూమినియం, కార్బన్ వచ్చి ఉక్కుని ఒక మూలకి నెట్టాయి.

మరి నేను ఉక్కే ఎందుకు ఎంచుకున్నాను? అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతే. నిజమే. కానీ బిగువు కూడా మూడో వంతే. అందుకే దాని గొట్టాలు లావుగా ఉంటాయి. పైగా చిన్న చిన్న కుదుపులు కూడా అల్యూమినియంలో కొద్దికొద్దిగా అలసట పోగుచేస్తాయి. ఉక్కుకి ఒక హద్దు ఉంది. దానికి లోబడిన కుదుపులు ఎన్ని లక్షలైనా ఓర్చుకుంటుంది. విరిగితే అతికించే వీలుంటుంది. అలా అని అల్యూమినియం పనికిరాదని కాదు. వేగంగా, తేలిగ్గా వెళ్ళాలనుకునేవారికి అదే మేలు. నాకు కావలసింది మా అమ్మాయి పెద్దయ్యాక కూడా తొక్కగలిగే సైకిలు.

గ్యారేజ్ సేల్‌లో 1990ల నాటి క్రోమోలీ సైకిలు ఒకటి దొరికింది. మీలో ఎవరైనా కొనేటట్టయితే నేను చూసినవి చెబుతాను. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. ఫ్రేముకి అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే కాదు. హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట రంగు ముడతపడితే ఎక్కడో గుద్దుకుందని అర్థం. సీటు గొట్టం పైకి లాగి చూడండి. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే వదిలెయ్యండి. పెడళ్ళ ఇరుసు దగ్గర నీళ్ళు నిలుస్తాయి, ఉక్కుకి శత్రువు అక్కడే కూచుంటుంది. ఫ్రేము మీదుగా కాళ్ళు రెండూ నేలకి ఆనాలి. ఇవి సరిగ్గా ఉంటే చైను, టైర్లు, బ్రేకులు ఎలాగూ మార్చుకోవచ్చు.

ఆ రాత్రి ఫ్రేము తుడుస్తూండగా ఒక సంగతి గుచ్చుకుంది. ఎవరో తుక్కులో పడేసిన ముసలి ఉక్కు సైకిల్ని ఈ దేశపు కుర్రాళ్ళు బయటికి లాగి, దాన్నించి ఒక కొత్త వాహనమే పుట్టించారు. నేను ఇంకా నడుస్తున్న సైకిల్ని తుక్కులోకి పంపాను. అదీ నాది కాదు, నాన్నది. ఆయన్ని అడగనైనా లేదు.

మర్నాడు వీడియోలో నాన్నకి చూపించాను. "స్టాండేదిరా? క్యారియరు లేకుండా బస్తా ఎక్కడ పెడతావు?" అన్నారు. అయస్కాంతం అంటించి చూపిస్తే కాసేపు చూసి, "ఇనుమేనన్నమాట. ఆ పాతదాన్ని అప్పుడు ఎంతకిచ్చావురా?" అని అడిగారు.

ఎంతకిచ్చానో నాకు గుర్తులేదు. అదే చెప్పాను. తప్పు చేశాను నాన్నా అని కూడా చెప్పాను. "పోనీలే, దీనికి నెలకోసారి నూనె వెయ్యి" అన్నారు.

ఈ వేసవిలో అమ్మా నాన్నా వస్తున్నారు. ఫెయిర్‌ఫాక్స్‌లో 2015 నుంచి ఒక సైకిళ్ళ మ్యూజియం ఉంది. నాన్నని అక్కడికి తీసుకెళ్ళాలని ఉంది. మీ ఊళ్ళలో నాన్నగారి సైకిలు ఇంకా గోడకి ఆనించి ఉంటే, తీసేసేముందు ఆయన్ని ఒక్క మాట అడగండి. సెలవు.