మాట నిలుచును, అర్థము నడచును

కాలేజీలో చదువుకొను పిల్లవాడు చెల్లెలి క్రొత్త పరికిణీని చూచి ‘నైస్’ అనును. ఆమె వేసిన ప్రశ్నకు ‘సిల్లీ’ అని నవ్వును. ఏడువందల యేండ్ల క్రిందటి ఆంగ్లేయుడు ఈ మాటలు వినినచో మొదటిదానికి కోపగించును, రెండవదానికి సంతసించును.

‘నైస్’ అనునది ‘ఎరుగనివాడు’ అను లాటిన్ పదమునుండి పుట్టి, ఫ్రెంచిభాష మీదుగా ఇంగ్లండు చేరినది. నాడు దాని అర్థము మూఢుడు. పిదప అది దేనికిని తృప్తిపడని వానికి, సూక్ష్మమైన దానికి పేరై, 18వ శతాబ్దికి ‘ఇంపైనది’ అయినది. ‘సిల్లీ’ నడక దీనికి విపరీతము. మొదట ధన్యుడు, తరువాత అమాయకుడు, పిదప జాలిగొలుపువాడు, తుదకు తెలివిమాలినవాడు. ఇందు వింత యేమి? మన ‘అమాయకుడు’ను చూడుడు. మాయ లేనివాడను మెప్పు, లోకజ్ఞానము లేనివాడను జాలిగా మారలేదా?

కొన్ని మార్పుల వెనుక రాజ్యముల చరిత్ర గలదు. ‘డీర్’ అనగా పూర్వము ఏ జంతువైనను సరియే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి దొరల భాష అయినది. ‘బీస్ట్’ అను ఫ్రెంచి మాట జంతువుల కన్నిటికిని చెల్లగా, ‘డీర్’ వేటజంతువగు లేడికి మాత్రమే మిగిలినది. వంటయింటను ఇదే కథ. మందలోని గొఱ్ఱె ‘షీప్’. అది ఇంగ్లీషు మాట. పళ్లెములోని మాంసము ‘మటన్’. అది ఫ్రెంచి మాట. మేపినవా రెవరో, భుజించినవా రెవరో ఆ రెండు మాటలే చెప్పుచున్నవి.

ఈ ప్రవాహమునకు అడ్డుకట్ట వేయవలెనని డాక్టర్ శామ్యూల్ జాన్సన్ తలచెను. 1747లో ఆయన ప్రకటించిన ప్రణాళికలో ఆ ఆశ కనబడును. 1755లో నిఘంటువు వెలువడునప్పటికి, భాషను కదలకుండ నిలుపుట మానవసాధ్యము కాదని ఆయనయే పీఠికలో ఒప్పుకొనెను. తరువాతివారు వేరు మార్గము త్రొక్కిరి. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు మొదటి భాగము 1884లో, కడపటిది 1928లో వెలువడెను. వేలకొలది చదువరులు గ్రంథములనుండి వాక్యములు చీటీలపై వ్రాసి పంపగా, ఏ మాట ఏ కాలమున ఏ అర్థమున వాడబడెనో వరుసగా చూపుటయే దాని పద్ధతి. అర్థమును శాసించుట మాని, వాడుకను సాక్ష్యమడిగిరన్నమాట.

ఆ నిఘంటువులో మన తెలుగుమాటయు నొకటి గలదు. మన ‘పందికొక్కు’ ఆంగ్లేయుల నోట ‘బాండికూట్’ అయినది. వారు ఆస్ట్రేలియాకు పోయి, అచ్చటి సంచిజాతి జంతువొకదానికి ఆ పేరే పెట్టిరి. మన గాదెలు త్రవ్వు పందికొక్కునకు ఆ జంతువు చుట్టము కాదు. పేరు మాత్రము మనది.

మాటలు చెడిపోవుచున్నవని వగచు పెద్దలు మనలో గలరు. ‘కంపు’ ఒకప్పుడు పరిమళము. ‘చీర’ ఒకప్పుడు స్త్రీపురుషు లిరువురును కట్టిన వస్త్రము. ఆ మార్పులకు నేడెవరును దుఃఖించుట లేదు. కావున ఆంగ్లమైనను, తెలుగైనను, నిఘంటువును గౌరవింతము. కాని మాటకు అర్థమిచ్చునది పలుకువారి నాలుక యని మరువకుందము.