పాత కారులో ఛార్జింగ్ లోపం: బ్యాటరీ కొనేముందు చేయవలసిన పరీక్షలు

ఉదయాన పాత కారు సెల్ఫ్ తిరగకపోతే చాలామంది బ్యాటరీనే దోషిగా ఎంచి కొత్తది కొంటారు. అసలు లోపం ఆల్టర్నేటరులోనో, బెల్టులోనో, వైర్లలోనో ఉన్నట్లయితే ఆ కొత్త బ్యాటరీ సైతం కొద్ది రోజులలోనే అడుగంటుతుంది. పెద్దాసుపత్రి సరిహద్దుకు ఆవలి పట్టణంలో ఉన్న గ్రామాలకు, రాత్రివేళ బండి కదలకపోవడం డబ్బుతో మాత్రమే తీరే నష్టం కాదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలోను, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలోను నిలిచిపోయాయి. అటువంటి పాత కార్లలో ఛార్జింగ్ లోపాన్ని ఒక చిన్న డిజిటల్ మల్టీమీటరుతో ఇంటివద్దనే చాలావరకు గుర్తించవచ్చు.

పనిచేసే విధానం

ఇంజను తిరిగేటప్పుడు బెల్టు ఆల్టర్నేటరును తిప్పుతుంది. అందులో పుట్టే ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. వోల్టేజి హద్దు మీరకుండా రెగ్యులేటర్ అదుపు చేస్తుంది. తొలినాటి అంబాసిడర్లలో దీనికి బదులు డైనమో ఉండేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో తగినంత ఛార్జి ఇవ్వదు కనుక వాటిలో ఎర్రదీపం అప్పుడప్పుడు మినుకుమనడం సహజం. ఈ క్రింది అంకెలు ఆల్టర్నేటర్ గల కార్లకు వర్తిస్తాయి.

కంటితో చూడవలసినవి

తాళం తిప్పగానే డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తుగల ఎర్రదీపం వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు గానీ, దాని వైరు గానీ, ఆల్టర్నేటర్ లోపలి కార్బన్ బ్రష్షులు గానీ చెడి ఉండవచ్చు. ఇంజను నడుస్తున్నా ఆరకపోతే ఛార్జింగ్ జరగడం లేదని అర్థం.

ఇంజను ఆపి, బెల్టు మధ్యభాగాన్ని బొటనవ్రేలితో గట్టిగా నొక్కాలి. సుమారు 10 మిల్లీమీటర్లు దిగితే చాలును. అంతకంటె వదులైతే జారుతుంది, లైట్లు వేసినపుడు కీచుమంటుంది. బ్యాటరీ టెర్మినళ్లపై చిలుము పట్టి ఉంటే వేడినీటిలో కలిపిన వంటసోడాతో కడిగి, ఆరిన పిమ్మట బిగించాలి. ఇంజనుకు, బాడీకి మధ్యనున్న ఎర్త్ వైరు తుప్పుపట్టినా ఇవే లక్షణాలు కనబడతాయి.

మీటరు చెప్పేది

మీటరును 20 డి.సి. వోల్టుల వద్ద ఉంచి బ్యాటరీ రెండు టెర్మినళ్లకు తాకించాలి.

1. రాత్రంతా ఆపి ఉంచిన కారులో: 12.6 వోల్టులుంటే నిండు ఛార్జి. 12.2 అంటే దాదాపు సగం. 12.0 కంటె తక్కువైతే ముందుగా బ్యాటరీని బయట ఛార్జి చేయించి తరువాతి పరీక్షలు చేయాలి.

2. ఇంజను నడుస్తుండగా: 13.8 నుండి 14.5 వరకు ఉండాలి. ఇంజను వేగం పెంచినా 13 దాటకపోతే ఛార్జింగ్ లోపమున్నట్లే. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్లు. అట్టి స్థితిలో బ్యాటరీలోని నీరు త్వరగా ఇంకిపోతుంది, బల్బులు తరచు మాడుతాయి.

3. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఇంజను వేగం కొంత పెంచినప్పుడు: 13.5కు తగ్గరాదు.

4. ఇవే లైట్లు వెలుగుతుండగా ఆల్టర్నేటర్ లావు వైరు బిగించిన బోల్టుకు, బ్యాటరీ ప్లస్ టెర్మినలుకు మధ్య: తేడా 0.3 వోల్టులకు మించితే లోపం ఆల్టర్నేటరుది కాదు, వైరుది.

రాత్రికి రాత్రే దిగిపోతే

ఛార్జింగ్ సరిగా ఉన్నా తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతే ఎక్కడో విద్యుత్తు కారుతున్నట్లు. తాళం తీసి, తలుపులు మూసి, మైనస్ వైరును విప్పి, ఆ వైరుకు టెర్మినలుకు మధ్య మీటరును 10 ఆంపియర్ల వద్ద కలపాలి. ఈ సమయంలో సెల్ఫ్ కొట్టరాదు. 50 మిల్లీ ఆంపియర్లు మించితే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసిచూడాలి. దేనిని తీసినప్పుడు అంకె పడిపోతుందో లోపం ఆ దారిలో ఉన్నట్లు. ఏది తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను అనుమానించాలి. కారుదల లేక, ఛార్జింగూ సరిగానే ఉండి బ్యాటరీ నిలవకపోతే, అప్పుడే కొత్తది కొనడం సబబు.

చేయకూడనివి

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూడడం డైనమో కాలపు అలవాటు. ఆల్టర్నేటర్ ఉన్న కారులో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు కాలిపోవచ్చు. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ మండే వాయువు కనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. దారిలో ఎర్రదీపం వెలిగితే ముందు బెల్టు చూడాలి. అనేక పాత కార్లలో అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది. అది తెగితే ఇంజను వేడెక్కుతుంది కనుక ముందుకు సాగరాదు. బెల్టు బాగుంటే అవసరం లేనివన్నీ ఆపి, ఇంజనును ఆపకుండా దగ్గరి షెడ్డుకు చేరాలి.

మీటరులో కనబడిన అంకెలను ఒక కాగితంపై వ్రాసి మెకానిక్కుకు చూపడం మేలు. షెడ్డులో మాట్లాడేది కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా వోల్టులు అందరికీ ఒక్కటే. బ్రష్షులు, రెగ్యులేటర్ మార్చితే సరిపోయేచోట ఆల్టర్నేటర్ మొత్తం మార్చవలసిన పని ఉండదు.