మన్రో దొర లెక్క

ఆదవాని, ఎమ్మిగనూరు సీమలో రాఘవేంద్రస్వామివారు మన్రో దొరకు దర్శనమిచ్చిన కథను మనమందరమూ విన్నవారమే. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ రాయలసీమలో ఉన్నారు. కథ భక్తులది, మనము దొర లెక్కను చూతము.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టినాడు. తండ్రి వర్జీనియాతో వ్యాపారం చేసిన వర్తకుడు. అమెరికా వలసల తిరుగుబాటుతో ఆ వ్యాపారం కూలిపోయింది. వర్తకుల కొట్టులో లెక్కలు నేర్చిన కుర్రవాడు 1780లో సిపాయి కొలువుకు చెన్నపట్నం చేరినాడు.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తం చేయగా, మన్రో ప్రధాన కలెక్టరై ఏడేండ్లు డేరాలలో తిరిగినాడు. పాళెగాండ్రను అణచినాడు, అందులో కాఠిన్యం లేదనలేము. పొలాలు కొలిపించి, రైతు పేరనే పన్ను కట్టినాడు. ఆ పన్ను పంటలో నూటికి సుమారు 45 పాళ్లు!

బరువు గ్రహించినవాడూ ఆయనే. నాలుగోవంతు తగ్గించుమని 1807లో వ్రాసినాడు. పైవారు వినలేదు సరికదా, ఆయన వెళ్లిన పిమ్మట గ్రామాలను గుత్తకిచ్చినారు. 1820లో తానే గవర్నరై వచ్చిన తరువాతగాని ఆ తగ్గింపు అమలు కాలేదు. నడుమ పదమూడేండ్లు రైతు మోసిన అదనపు భారం ఏ చిట్టాకెక్కింది?

1827లో, స్వదేశానికి మరలబోతూ, ఈ సీమను కడసారి చూడవచ్చినాడు. జూలై 6న ఆదవానికి ఆగ్నేయాన పత్తికొండలో కలరా సోకి కన్నుమూసినాడు. గుత్తిలో ఖననం చేసినారు. తరువాత అస్థికలను చెన్నపట్నానికి తరలించినారు.