దవడ ఎముకకు అంటు: ఇంప్లాంటు కంటే పాత విద్య

“ఇంప్లాంటు పెట్టాలంటే ముందు ఎముక వేయాలి” అని దంతవైద్యుడు చెప్పగానే, ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఖర్చని పలువురు అనుమానిస్తారు. నిజానికి ఎముక అంటు ఇంప్లాంటు కంటే వయస్సులో ఎంతో పెద్దది.

డచ్చి శస్త్రవైద్యుడు యోబ్ వాన్ మీకెరెన్ 1668 నాటి గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. రష్యాలో కత్తివేటుకు పుర్రె దెబ్బతిన్న ఒక వ్యక్తికి కుక్క పుర్రె ముక్కను అతికించారట. గాయం మానినా, జంతువు ఎముక ధరించాడని మతాధికారులు అతనిని వెలివేశారు. 1880 ప్రాంతంలో గ్లాస్గోలో విలియం మెక్‌ఈవెన్ ఒక బాలుని చేతి ఎముకను, ఇతర రోగుల వంకర కాళ్లను సరిచేసినపుడు లభించిన ముక్కలతో తిరిగి నిర్మించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తూటాలకు ఛిద్రమైన దవడలకు తుంటి ఎముక అక్కరకు వచ్చింది.

ఇంప్లాంటు కథ తరువాతిది. స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం గొట్టం మళ్లీ ఊడిరాలేదు. ఎముక దానిని తనలో కలుపుకున్నది. 1965లో గోస్టా లార్సన్ అనే రోగి దవడలో అమర్చిన ఇంప్లాంట్లు, 2006లో ఆయన మరణించేవరకు పనిచేశాయి.

అయితే మేకు దిగాలంటే గోడ ఉండాలి కదా! పన్ను తీసిన చోట ఎముకకు పని తప్పుతుంది. ఏడాదిలో దాని వెడల్పు సుమారు సగానికి తగ్గిపోవచ్చు. పై దవడ వెనుకభాగంలో మరొక చిక్కు ఉంది: పైనున్న సైనస్ గది క్రిందికి పెరుగుతుంది. ఆ గది అడుగు పొరను మెల్లగా పైకెత్తి, క్రింద ఎముకను నింపే పద్ధతిని అమెరికాలో హిల్ట్ టాటమ్ 1970లలో ఆరంభించాడు. 1980లో బోయిన్, జేమ్స్ దానిని ప్రచురించారు.

వేసిన ఎముక అక్కడే శాశ్వతంగా ఉండిపోతుందని భావించవద్దు. చాలావరకు అది పందిరి. దానిపై మన ఎముకే అల్లుకుంటుంది. 1965లోనే మార్షల్ యూరిస్ట్, ఖనిజాలు తీసివేసిన ఎముకను కండరంలో ఉంచి, అక్కడ కొత్త ఎముక పుట్టడం చూపాడు.

నేడు వాడే పొడి రోగి సొంత ఎముక కావచ్చు, దాత ఎముక కావచ్చు, కృత్రిమం కావచ్చు, శుద్ధిచేసిన ఆవు ఎముక ఖనిజమూ కావచ్చు. ఈ చివరి మాట మన రోగులలో కొందరికి చెప్పకుండానే చికిత్స జరుగుతున్నది. ఇది తగదు. అభ్యంతరం ఉన్నవారికి వేరే పదార్థాలున్నాయి గనుక ముందే అడగండి. పైగా సైనస్ క్రింద ఎముక గట్టిపడటానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పట్టవచ్చు. పొగ తాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో అంటు విఫలమయ్యే అవకాశం ఎక్కువ.