తెరుబలి చుట్టూ కువి మాట

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు దారిలో ఒడిశాలోని రాయగడ దాటాక తెరుబలి వస్తుంది. 1961లో ఏర్పడిన ఇండియన్ మెటల్స్ సంస్థ కర్మాగారం వల్లే ఈ ఊరు బయటివారికి తెలుసు. బజారులో వినిపించేవి ఒడియా, తెలుగు. చుట్టూ కొండల్లో కోదు గిరిజనుల పల్లెలకు వెళితే ఇంటి మాట కువి.

కువి తెలుగుకు పరాయిది కాదు. తెలుగు, గోండి, కొండ, కుయి, పెంగో, మండ, కువి అన్నీ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖవే. ఇంటిని కువిలోనూ ‘ఇల్లు’ అనే అంటారు. మన కావ్యాల్లో మిగిలిపోయిన ‘మ్రాను’ కువివారి నోట ఇంకా నలుగుతున్న మాట. చేతిని ‘కెయు’ అంటారు. తెలుగులో ఏనాడో చకారమైన ఆ కకారం ఇక్కడ చెక్కుచెదరలేదు. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని మనం ఒకే క్రియ వాడినా, బహువచనంలో ఆడవారిని మగవారితో చేర్చి ‘వచ్చారు’ అంటాం. కువిలో బహువచనంలోనూ ఆ చేరిక లేదు. తెలుగు పూర్వరూపాలు వెతికేవారికి శాసనాలెంత విలువైనవో ఈ పల్లెల మాటా అంతే విలువైనది.

పక్క భాష ఒత్తిడి ఎక్కువగా కనిపించేది లెక్కల్లో. రొండి, రిండి అని రెండు దాకా సొంత మాటలే. మూడు నుంచి ఒడియా వైపువి. సంత బేరాల ముద్ర అది. ఆంధ్రలోని పార్వతీపురం వైపు తెలుగు ఒత్తిడి ఇంకా లోతుగా పనిచేసింది. కోదులకు దగ్గరివారైన జాతాపుల్లో చాలామంది ఇళ్లలో ఇప్పుడు తెలుగే. మైదానానికి దిగిన చోట భాష జారిపోయింది, కొండమీద నిలిచింది. నియమగిరి కొండల్లోని డొంగ్రియా కోదులే ఇందుకు సాక్ష్యం. ‘డొంగర్’ అంటే ఒడియాలో కొండ. పేరు పొరుగువారు పెట్టినా, మాట మాత్రం కువియే. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ అక్కడ బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. కొండ చేజారకపోవడం భాషకూ మేలే చేసింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా తెరుబలి ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోదే. షుల్జె అనే మిషనరీ రాసిన కువి వ్యాకరణం 1911లో మద్రాసులోనే అచ్చయింది. రాష్ట్రాల గీత పడ్డాక కువి రెండు వైపులా చీలింది. మాతృభాషలో చదువు చెప్పే పథకంలోకి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి, ఒడిశాలో 2006-07 నుంచి కువి వచ్చింది. బడి మెట్టెక్కిన పిల్లకు మొదటి పాఠం తన మాటలో వినిపించడం చిన్న సంగతి కాదు. అయితే ఆంధ్ర వైపు పుస్తకం తెలుగు లిపిలో, ఒడిశా వైపు ఒడియా లిపిలో ఉంటుంది. రాయగడ పిల్ల రాసిన కువి వాక్యాన్ని అరకు వైపు పిల్ల చదవలేదు. పైకి చదివి వినిపిస్తే చాలావరకు అర్థమవుతుంది.