వెలుగు తగ్గించే మీట ఎటుపోయింది?

హుజూరాబాద్‌కు దగ్గర్లోని వంగర పి.వి.నరసింహారావు ఊరు. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. అరవై దాటాక ఆయన కంప్యూటర్ పట్టిన కథ ఈ చుట్టుపక్కల చాలామంది విన్నదే. పాతతరం నాయకులకు ఈ సంగతులు అర్థం కావని రాజీవ్‌గాంధీ అన్న మాట చెవిన పడి, కొడుకు ప్రభాకరరావుతో ఢిల్లీకి ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారని వినయ్ సీతాపతి పి.వి. జీవితచరిత్రలో రాశారు. వాడటం వచ్చాక కూడా ఆయన ఆగలేదు. కోబాల్, బేసిక్‌లలో ప్రోగ్రాములు రాసేదాకా పోయారు.

ఆ రోజుల్లో బల్ల మీది కంప్యూటర్ తెర అంటే టీవీలాంటి గాజు గొట్టమే. కళ్లు గుంజితే తెర అంచున ఉన్న మీట తిప్పేవాళ్లు. లోపలి ఎలక్ట్రాన్ల ధార పలచబడేది, బొమ్మ మసకబారేది. వేలికీ వెలుగుకూ నడుమ ఏ సాఫ్ట్‌వేరూ ఉండేది కాదు.

ల్యాప్‌టాప్ వచ్చాక లెక్క మారింది. 1985లో తోషిబా తెచ్చిన టీ1100 తెర వెనక అసలు దీపమే లేదు. ఎల్‌సీడీ తనంత తాను వెలగదు. గదిలోని వెలుతురే దానికి దిక్కు. తర్వాత తెర వెనక పెన్సిల్ కన్నా సన్నని ట్యూబ్‌లైటు పెట్టారు. అందులో పాదరసం, దాన్ని వెలిగించేందుకు వందల వోల్టులు పుట్టించే ఇన్వర్టర్ అనే చిన్న పలక. పాత ల్యాప్‌టాప్‌లలో ముందు పోయేది చాలాసార్లు ఇదే. తెర నల్లబడ్డ ల్యాప్‌టాప్ రిపేరుకు వస్తే మెకానిక్ మొదట టార్చి వేసి ఏటవాలుగా చూస్తాడు. ఐకాన్లు నీడల్లా లీలగా కనిపిస్తే బొమ్మ వస్తున్నట్టే, పోయింది వెనక వెలుగు. 2005లో సోనీ, 2007లో ఆపిల్ ట్యూబులు తీసి ఎల్‌ఈడీలు పెట్టడం మొదలుపెట్టాయి. నీలి ఎల్‌ఈడీ సాధించకపోతే ఈ తెల్లటి వెలుగు లేదు. ఆ పని చేసిన ముగ్గురికి 2014లో నోబెల్ వచ్చింది.

అసలు మలుపు మాత్రం దీపంలో లేదు, దాని పెత్తనంలో ఉంది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ఒప్పందం రాసుకున్నాయి. కరెంటు వ్యవహారాలన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి పోవాలన్నది దాని సారం. తెర వెలుగు కూడా ఆ జాబితాలో చేరింది. ఇప్పుడు సూర్యుడి బొమ్మ ఉన్న మీట నొక్కితే ఆ సంగతి ముందు బోర్డు మీది చిన్న చిప్‌కు తెలుస్తుంది. అది విండోస్‌కు చెబుతుంది, విండోస్ తెర బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్‌కు, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చెబుతుంది. డ్రైవర్ పురమాయిస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎల్‌ఈడీలు సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతాయి. ఆరి ఉండే సమయం పెరిగితే మన కంటికి మసక. విండోస్ 8 నాటికి ఈ వెలుగుకు కనీసం 101 మెట్లు ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. నూట ఒక్క మెట్లు ఎవరి కన్ను లెక్కపెడుతుందో!

ఈ గొలుసులో డ్రైవర్ తెగితే బొమ్మ వస్తుంది గానీ వెలుగు మాట వినదు. హుజూరాబాద్, జమ్మికుంటల్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్న డిగ్రీ పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఇదే. పాత మిషన్‌లో కొత్త విండోస్ వేస్తారు. సరిపడే డ్రైవర్ దొరకక 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' కూర్చుంటుంది. బ్రైట్‌నెస్ పట్టీ మాయమవుతుంది. తెర పూర్తి వెలుగులోనే ఉండిపోయి, రాత్రి కళ్లు మండుతాయి, బ్యాటరీ కరిగిపోతుంది.

ఇంటెల్ జీఎంఏ 3600 సంగతి మరీ అన్యాయం. 2011 చివర్లో ఆటమ్ చిప్‌లతో వచ్చిన ఈ గ్రాఫిక్స్‌లో గుండెకాయ ఇంటెల్‌ది కాదు, ఇమాజినేషన్ టెక్నాలజీస్‌ది. ఇంటెల్ 32 బిట్ విండోస్ 7కు డ్రైవర్ ఇచ్చి చేతులు దులుపుకుంది. 64 బిట్‌కు ఇవ్వలేదు, విండోస్ 8కూ ఇవ్వలేదు. చవకగా దొరికిన బుల్లి నెట్‌బుక్‌లు ఏడాది తిరక్కముందే పాతబడ్డాయి. కొన్నవాడి తప్పేముంది ఇందులో?

అలాంటప్పుడు చాలామంది తెర మసకచేసే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయిస్తారు. అది తగ్గించేది రంగులనే, దీపాన్ని కాదు. కందిలి ఒత్తి దించకుండా బుడ్డి మీద గుడ్డ కప్పినట్టు. కంటికి కాస్త హాయి, బ్యాటరీకి ఒరిగేదేమీ లేదు. కంపెనీ సైట్‌లో మోడల్ నంబరుతో వెతికి, విండోస్ 7 నాటి డ్రైవర్‌ను కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్కిస్తే కొన్నిసార్లు పట్టీ తిరిగొస్తుంది. ముందు అది ప్రయత్నించడమే మేలు.

విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. 2013 ప్రాంతంలో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో లినక్స్ తనను విండోస్ 8గా పరిచయం చేసుకునేది. బోర్డులోని ఫర్మ్‌వేర్ ఆ మాట నమ్మి, వెలుగు సంగతి డ్రైవరే చూసుకుంటుందని చేతులెత్తేసేది. మీట నొక్కితే తెర మీద పట్టీ కదిలేది, వెలుగు మాత్రం అక్కడే. బూట్ లైన్‌లో 'ఏసీపీఐ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్' అని చేర్చి, దాని ఎదుట 'వెండర్' అనో 'నేటివ్' అనో రాస్తే చాలావాటిలో దారికొచ్చేది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 అర్హత లేని ల్యాప్‌టాప్‌లు ఇంకా ఎన్నో వాడకంలో ఉన్నాయి. వాటిలో ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ ఉన్నవాటికి ఒక వెసులుబాటు ఉంది. పదిహేనేళ్ల కిందటి చిప్‌ల డ్రైవర్ కోడ్ కూడా లినక్స్‌లో ఇంకా ఉంది. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేసి, సూర్యుడి మీట నొక్కి చూడొచ్చు. పని చేస్తే అప్పుడే హార్డ్‌డిస్క్ ముట్టుకోవాలి.