గుగ్గిలం చెట్టుకు ఇక్కడొక చుట్టం

శుక్రవారం నాడు మా నాయనమ్మ నిప్పుల మీద గుగ్గిలం వేసి ఇల్లంతా ధూపం పట్టేది. గుగ్గిలం పేరుతో అమ్మేవాటిలో సాల వృక్షపు బంక ఒకటి. ఆ చెట్టు ఉత్తరాంధ్ర కొండలలో పెరుగుతుంది. మన పెద్దలలో చాలామంది ఆ వైపు నుంచే వచ్చారు.

ఆ చెట్టు కుటుంబానికి చెందినదే ఇక్కడి మెరాంటి బకావు. మలయ్ భాషలో బకావు అంటే మడచెట్టు. పేరు చూసి కేతాం దీవి మడలలో వెతికితే దొరకదు. ఉప్పునీరు దీనికి పనికిరాదు. వేల ఏళ్లుగా ఆకులు, కొమ్మలు నీటిలో పూర్తిగా కుళ్లక పేరుకొన్న నల్లటి పీట్ నేల కావాలి.

1901లో స్వెట్టెన్‌హామ్ రేవు తెరిచారు. 1972 నుంచి అదే పోర్ట్ క్లాంగ్. అక్కడ దిగిన మనవాళ్లు తోటల కోసం అడవి నరికారు, కాలువలు తవ్వి నీరు తీశారు. మలయాలో ఒప్పంద కూలి పద్ధతి 1910లో రద్దయింది గాని ఈ పని ఆగలేదు. తమ ఊరి గుగ్గిలం చెట్టు చుట్టాన్నే నరుకుతున్నామని వారికెవరు చెప్పారు? తప్పు వారిదని నేననను. కత్తి చేతికిచ్చినవారు వేరు.

నీరు తీసిన పీట్ ఎండి, కుంగి, అంటుకుంటే లోలోపల రోజుల తరబడి కాలుతుంది. 2005 ఆగస్టులో మన పోర్ట్ క్లాంగ్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన పొగ ఎక్కువగా సుమత్రాలో కాలిన ఇటువంటి నేలదే. ముక్కుకు గుడ్డ కట్టుకొన్న ఆ రోజులు పాఠకులు మరచి ఉండరు.

క్లాంగ్‌కు దక్షిణాన, బాంటింగ్ వైపు, కువాలా లంగాట్ ఉత్తర రిజర్వు అడవిలో మెరాంటి బకావు ఇంకా ఉంది. 1927లో రిజర్వు చేసినప్పుడు 7,246 హెక్టార్లున్న ఆ అడవి 2020 నాటికి 957 హెక్టార్లకు తగ్గింది. ఆ ఏడు ఫిబ్రవరిలో అందులో 930 హెక్టార్లకు రిజర్వు హోదా తీసివేయాలని ప్రతిపాదన వచ్చింది. అక్కడ తరతరాలుగా ఉన్న తెమువాన్ ఆదివాసులు, పర్యావరణ సంఘాలవారు ఎదిరించారు. అయినా 536 హెక్టార్లకు హోదా తీసివేసినట్టు 2021 ఆగస్టు చివర వెల్లడయింది. జనం గట్టిగా అడిగిన మీదట సెప్టెంబరు 8న సెలంగోర్ ముఖ్యమంత్రి ఆ నిర్ణయం వెనక్కు తీసుకొన్నారు.

నేను పెద్దయ్యాక సంఘం తరగతిలో తెలుగు నేర్చుకొన్నాను. చెట్ల పాఠంలో వేప, రావి, మర్రి ఉన్నాయి. మెరాంటి బకావుకు తెలుగు పేరు లేదు. నా తరగతి పిల్లలు దానిని ‘చిత్తడి గుగ్గిలం’ అంటున్నారు. నేను దిద్దలేదు.